హద్దు కాచు ప్రాణులు

మా పాలకొల్లు చుట్టుపట్ల కాలువలకును చెఱువులకును కొఱత లేదు. కావున తూనీగలకును కొఱత లేదు. అయినను నలువదియేండ్లు నిండువఱకు మేము వానిని నిజముగా చూచినవారము కాము. బాల్యమున వాని తోకకు దారము కట్టి యెగురవేసితిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వాని బొమ్మ గీచి, అవయవముల పేర్లు వ్రాసి, మంచి మార్కులు తెచ్చుకొంటిమి. అంతే.

రెండేండ్ల క్రిందట ఒక కెమెరా కొంటిమి. దాని వెల తెలిసిన పిదప మా యింట జరిగిన సంభాషణ ఈ సంచికకు తగదు. మొదటి నెల యంతయు చేపల చెఱువు గట్టున ఎగురు తూనీగను వెంటాడి, వట్టి ఆకాశమునకే పటములు తీసితిమి. తరువాత ఒక సంగతి గమనించితిమి. ఎఱ్ఱని మగతూనీగ ఎటు పోయినను మరల అదే తుంగపుల్లపై వ్రాలుచుండెను. ఆ పుల్ల దాని కావలిమంచె. ఆడుది గ్రుడ్లు పెట్టుటకు నీటియొద్దకు వచ్చును గనుక, మగది అచ్చట కొంత మేరను తనదిగా చేసికొని, తన జాతి మగది మఱియొకటి చొచ్చినచో తఱుమును. పసుపువన్నె గల ఆడుదానిని తఱుమదు. ఇది తెలిసినపిమ్మట మేము పరుగులు మాని, ఆ పుల్లకే గుఱిపెట్టి, సెకనులో 2000వ వంతునకు మీట అమర్చి కూర్చుంటిమి. అది తనంత తానే వచ్చి వ్రాలెను.

పక్షులలో ఈ హద్దుల సంగతిని విపులముగా చర్చించినవాడు ఇలియట్ హోవర్డ్ అను ఆంగ్లేయుడు. ఆయన గ్రంథము 1920లో వెలువడెను. మగపిట్ట పాట మనకు ఇంపే గాని, తోడి మగపిట్టకు అది దూరముగా నుండుమను హెచ్చరిక. 1943లో డేవిడ్ లాక్ అను శాస్త్రజ్ఞుడు, రాబిన్ అను చిన్నపిట్ట తన మేరలో నుంచిన ఎఱ్ఱని యీకల గుత్తిని సైతము శత్రువని యెంచి పైబడునని వ్రాసెను. మన పసులపోలిగాడు మాత్రము తక్కువవాడా? గూటి దాపునకు వచ్చిన గద్దను సైతము వెంటబడి పొడుచును.

ఆ యీకల గుత్తి కథ చదివి మాకొక దుర్బుద్ధి పుట్టెను. ఫిబ్రవరి మాసమున, మా పెరటి మందారముపై నిగనిగలాడు మగ తేనెపిట్ట యెదుట ఒక అద్దము వ్రేలాడదీసితిమి. పటములు అద్భుతముగా వచ్చెను: విప్పిన రెక్కలు, తెఱచిన ముక్కు, అద్దములో దాని జత. తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు అది అద్దమును పొడుచుచునే యుండెను. పూవులయొద్దకు పోవుట తగ్గెను. మేము సంతోషముతో మీట నొక్కుచునే యుంటిమి.

మూడవనాడు, పటములు చూపుదుమని పిలిచిన ఏడవ తరగతి బాలుడొకడు కొంతసేపు ఊరక నిలిచి, "మాస్టారండీ, అద్దంలో పిట్ట ఎప్పుడు పారిపోద్దండీ?" అని యడిగెను.

మాకు మాట రాలేదు. నిజమైన పోరులో నొకటి తొలగిపోవును, పోరు ముగియును. మేము కల్పించిన శత్రువు తొలగునది కాదు. పిట్టకు గెలుపు లేదు, విశ్రాంతి లేదు. వెంటనే అద్దమును విప్పితిమి. ముడి బిగిసియుండుటచే ఆ బాలుడే కత్తెర తెచ్చి యిచ్చెను. మఱునాటి యుదయమున తేనెపిట్ట అదే కొమ్మపై వ్రాలి, అటునిటు చూచి, కొంతసేపు కూసి, పూవులలోనికి పోయెను.

ఈ సంచికకు ఆ అద్దపు పటమే కావలెనని సంపాదకవర్గమువారు కోరిరి. ఇయ్యలేదు. తూనీగ పటము నిచ్చితిమి. దాని కుడిరెక్క కొస కొంచెము చిరిగియున్నది. అచ్చులో కనబడునో లేదో.