లెక్క చూచుకొనని మాట

1962 ఫిబ్రవరిలో సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు నాకు పదేళ్లు. మాది మేడారం. అప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు జిల్లా. మా నాయన సంఘ పెద్ద. ఆయనకు నెహ్రూగారంటే ప్రాణం. పని మానుకొని ఇంటింటికీ తిరిగి, జోడెద్దుల గుర్తుకే ఓటు వేయమని చెప్పాడు. "ఆయన ఉండంగ మనకు యుద్ధం రాదు" అనేవాడు. కాంగ్రెసు 361 స్థానాలు గెలిచిందని తెలిసిన రాత్రి, కుటుంబ ప్రార్థనలో కన్నీళ్లతో దేవునికి వందనాలు చెప్పాడు.

ఎనిమిది నెలలు కూడా తిరగలేదు. అక్టోబరు 12న సింహళానికి బయలుదేరుతూ, చైనావారిని మన భూమి నుండి వెళ్లగొట్టమని సైన్యానికి చెప్పామని నెహ్రూగారు విలేఖరులతో అన్నారు. తాడ్వాయిలో ఒక దుకాణంలోని బ్యాటరీ రేడియోలో ఆ మాట విని, నాయన గర్వంగా ఇంటికి వచ్చాడు.

అక్టోబరు 20న చైనా సైన్యం లడఖ్‌లోను, నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోను విరుచుకుపడింది. రక్షణ నిధికి బంగారం ఇవ్వమని పిలుపు వచ్చింది. పుట్టింటివారు పెట్టిన కమ్మలు అమ్మ తీసి ఇచ్చింది. చెవులకు చీపురు పుల్లలు పెట్టుకుంది.

నవంబరులో బొమ్డిలా పోయింది. అస్సాం ప్రజల కోసం తన హృదయం తల్లడిల్లుతోందని నెహ్రూగారు రేడియోలో అన్నారు. అది విని, తమను వదిలేస్తున్నారని అక్కడివారు కుమిలిపోయారు. నవంబరు 21న చైనాయే యుద్ధం ఆపింది. మనవారు సుమారు 1,400 మంది చనిపోయారు. దాదాపు 1,700 మంది ఏమైపోయారో తెలియలేదు. నాలుగు వేలమంది దాకా బందీలయ్యారు.

యుద్ధం సాగుతుండగానే ఒక్కొక్క సంగతే బయటపడసాగింది. మంచు కొండలమీదికి మన జవాన్లను పలుచని నూలు బట్టలతో, గుడ్డ బూట్లతో పంపారట. సేనాధికారుల హెచ్చరికలు ఎవరూ చెవిని పెట్టలేదట. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పదవి వదులుకున్నారు. మనమే కల్పించుకున్న లోకంలో ఇంతకాలం బ్రతికామని నెహ్రూగారే ఒప్పుకున్నారు.

అమ్మ ఒక్క మాటే అంది: "కమ్మలు పోయినందుకు కాదు. ఆ పిల్లల కాళ్లకు బూట్లన్న లేకపాయె."

నాయన ఎవరినీ తిట్టలేదు. ఒక ఆదివారం సాయంత్రం మళ్లీ ఆ ఇండ్లకే వెళ్లాడు. "నాకు తెలియని సంగతి తెలిసినట్టు చెప్పిన, మన్నించండి" అన్నాడు. ఒక ముసలమ్మ నవ్వి, "ఓటు అడిగినవు గాని, పిల్లల్ని ఉత్త కాళ్లతో పంపుమని నువ్వు చెప్పలేదు గద బిడ్డా" అంది.

1964 మే 27న నెహ్రూగారు చనిపోయినప్పుడు నాయన అన్నం ముట్టలేదు. ఆ ప్రేమ పోలేదు. అయితే ఆ తర్వాత ఓటు అడగవచ్చిన వారినందరినీ కూర్చోబెట్టి లూకా సువార్త 14వ అధ్యాయం చెప్పేవాడు. యుద్ధానికి పోయే రాజు, తనకున్న పదివేలతో ఇరవైవేలను ఎదిరించగలనా అని ముందు కూర్చుండి ఆలోచిస్తాడు. "మీరు కూర్చున్నరా?" అని అడిగేవాడు.

ప్రియమైన పాఠకులారా, నాయకుల కొరకు ప్రార్థించడం మన బాధ్యత. వారు వీరావేశంతో మాట్లాడేటప్పుడు, ఆ మాటకు వెల చెల్లించేది ఎవరి బిడ్డలు అని అడగడం కూడా మన బాధ్యతే. చప్పట్లు కొట్టక ముందే అడుగుదాం.