ఆసు-రాజు ఎన్ని రకాలు?

శాన్ హోసేలో కార్డ్ రూములు రెండే: బే 101, క్యాసినో మేట్రిక్స్. పోకర్ టేబుళ్ల దగ్గర మనవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఇంట్లో పేకాట చూస్తూ పెరిగినవాడు ఎదుటివాడి చెయ్యి పసిగట్టడంలో ఎవరికీ తీసిపోడు. తడబడేదల్లా ధర దగ్గరే.

రమ్మీలో మా బాబాయి ఎదుటివాడు ఎత్తినవీ పడేసినవీ గుర్తుపెట్టుకుని, "వాడికి ఆటీను ఎనిమిది కావాలిరా, చచ్చినా వదలకు" అనేవాడు. హోల్డెమ్‌లో ఎత్తడం, పడెయ్యడం ఉండవు. తలా రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు. ఆచూకీ అంతా పందెంలోనే దొరకాలి: ఎవడు, ఏ సీట్లోంచి, ఎంత కాశాడు. అందుకని ఒక్క చెయ్యి ఊహించి దానికే అంటిపెట్టుకుంటే లాభం లేదు. ఇలా కాసే మనిషి దగ్గర ఏమేం ఉండొచ్చో అన్నీ చూడాలి. అదే రేంజ్.

నా దగ్గర ఆసు, రాణి ఉన్నాయనుకోండి. బల్ల మీద ఆసు, తొమ్మిది, ఏడు, మూడు, రెండు. ఫ్లష్‌కి దారి లేదు. మొదటి సీట్లోని పెద్దాయన ముక్కలు పడకముందే రేజ్ చేశాడు, ఆపైన బల్ల మీద ముక్కలు పడ్డ మూడుసార్లూ కాశాడు. చివర్న పాట్‌లో 200 డాలర్లుంటే 100 వేశాడు. నేనూ 100 పెడితే మొత్తం 400. నాలుగింట ఒకసారి గెలిస్తే నష్టం లేదు. నేనన్న ధర ఇదే, పోకర్‌లో పాట్ ఆడ్స్ అంటారు.

ఇక ఆయన రేంజ్. ఆసు-రాజు మామూలుగా 16 రకాలుగా రావచ్చు. కానీ ఒక ఆసు నా చేతిలో, ఒకటి బల్ల మీద. మిగిలిన ఆసులు రెండు, రాజులు నాలుగు, వెరసి 8 రకాలు. ఆసుల జత 6 నుంచి 1కి పడిపోతుంది. తొమ్మిదుల జత 3, ఏడుల జత 3. రెళ్లు, మూళ్లు, ఆసు-తొమ్మిది లాంటి చిన్నవి పట్టుకుని ఆ సీట్లోంచి రేజ్ చేసే మనిషి కాదు. నన్ను కొట్టేవి 15. ఆయన దగ్గరా ఆసు-రాణే ఉంటే చెరిసగం, అది వదిలేద్దాం. నేను గెలిచేవి 5 ఉంటే చాలు.

ఆసు-జాకీ ఒక్కటే 8 రకాలు! "ఆయన దగ్గర ఆసు-రాజు ఉందా" అని బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఆసు-జాకీతో ఈయన మూడుసార్లూ కాస్తాడా? అంతసేపు ఆయన ఆట గమనించింది ఈ ఒక్క ప్రశ్న కోసమే.

నిజానికి ధర మనకు కొత్త కాదు.  రమ్మీలో మొదట్లో డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో 40, ఓడితే 80 దాకా. అయితే ఆ ధర ఆటకు ముందే ఖరారు. ఇక్కడ ఎదుటివాడే నిర్ణయిస్తాడు. పెద్దాయన 200 వేసుంటే నేను మూడింట ఒకసారి గెలవాలి. 15కి ఎదురు 8 కావాలి, ఆసు-జాకీ అతికినట్టు సరిపోతుంది. రెండూ ఒకే గుర్తువైతేనే ఆడే మనిషైతే ఆ 8 కాస్తా 2 అవుతుంది, అప్పుడు 100కి కూడా పారెయ్యడమే. నేను చూసిన పెద్దాయనల్లో ఎక్కువమంది ఈ రెండో రకం.