జట్టు పోయింది, ఆటగాళ్ళున్నారు

రగ్బీ గురించి తెలుగులో రాస్తే చదివేదెవడ్రా అంటున్నాడు మా రూమ్మేటు. వాడిది కరీంనగర్. క్రికెట్ తప్ప ఇంకోటి ఆటే కాదని వాడి నమ్మకం. ఎవరో ఒకరు చదువుతారు లెండి. మెల్‌బోర్న్ రెబెల్స్ అనే జట్టు ఆడిన ఆఖరి సీజన్ గురించీ, తర్వాత ఆ జట్టు మనుషులు ఎటు పోతే అటు నేను చూపు తిప్పుకుంటూ గడిపిన రోజుల గురించీ ఎక్కడో ఓ చోట రాసి పెట్టుకోవాలని ఎప్పట్నించో ఉంది.

ముందు చిన్న పరిచయం. ఆస్ట్రేలియాలో 'ఫుటీ' అంటే ఊరుని బట్టి అర్థం మారుతుంది. మెల్‌బోర్న్‌లో ఐతే ఆస్ట్రేలియన్ రూల్స్, జట్టుకి పద్దెనిమిది మంది. సిడ్నీ, బ్రిస్బేన్ వైపు రగ్బీ లీగ్, పదమూడు మంది. నేను చెప్పేది మూడోది, రగ్బీ యూనియన్, పదిహేను మంది. బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. ముందుకి పోవాలంటే పట్టుకుని పరిగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, ఐదు పాయింట్లు. మిగతా నిబంధనలు రిఫరీలకే సరిగ్గా తెలియవని ఇక్కడో జోకు.

నన్ను పట్టేసింది మాత్రం స్క్రమ్. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది, ఒకరి భుజాల్లో ఒకరు తలలు దూర్చి నెట్టుకోవడం. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవాణ్ణి. బండ కదలబోయే ముందు గిత్తలు కాళ్ళు నిగడదన్ని, ఒళ్ళంతా బిగబట్టి ఒక్క క్షణం ఆగుతాయి చూడండి, అచ్చం అదే. 2020 ఫిబ్రవరిలో చదువుకి ఇక్కడ దిగాను, నెల తిరిగి ఎంతో కాకముందే లాక్‌డౌన్. గదిలో పడి ఉన్న ఆ రోజుల్లో యూట్యూబ్‌లో టానియెలా టుపో అనే కుర్రాడి పాత వీడియో ఒకటి కంటపడింది. టోంగా దేశం పిల్లాడు, న్యూజిలాండ్‌లో స్కూలు మ్యాచ్ ఆడుతున్నాడు. ఆ ఆకారానికి ఆ పరుగేంటి! ఎదురొచ్చిన వాళ్ళు గడ్డిపరకల్లా పక్కకి పడిపోతున్నారు. వాణ్ణి 'టోంగన్ థోర్' అంటారని తర్వాత తెలిసింది. అప్పటికే ఆస్ట్రేలియా జాతీయ జట్టు వాలబీస్‌కి ఆడుతున్నాడు. బరువు 130 కిలోల పైమాటే.

ఉద్యోగంలో చేరాక, 2022లో, ఆఫీసులో ఓ న్యూజిలాండ్ సీనియర్ దగ్గర టికెట్ మిగిలిపోతే మొదటిసారి ఆమీ పార్క్ స్టేడియంకి వెళ్ళా. మా ఆఫీసు డాక్‌లాండ్స్‌లో. అక్కణ్ణించి 70 నంబరు ట్రామ్ ఎక్కితే తిన్నగా స్టేడియం పక్కనే దింపుతుంది. ముప్పైవేల మంది పట్టే స్టేడియం సగం కూడా నిండలేదు. ఇదే మైదానంలో రగ్బీ లీగ్ జట్టు మెల్‌బోర్న్ స్టార్మ్ ఆడితే జనం వేరే. రెబెల్స్‌కి మాత్రం పసిఫిక్ దీవుల కుటుంబాలు, న్యూజిలాండ్ వాళ్ళు, పాత ప్రైవేటు స్కూళ్ళ పెద్దమనుషులు, నాలాంటి దారి తప్పినవాళ్ళు నలుగురు. పక్కసీటు పెద్దావిడ పేరు అడిగి, పలకలేక నవ్వి, చిప్స్ చేతిలో పెట్టింది. ఈ ఊళ్ళో నేను పనిమీద కాకుండా, మనవాళ్ళ పండక్కి కాకుండా, ఊరికే వెళ్ళి కూర్చునే చోటు నాకు అదొక్కటే దొరికింది. అంతకు మించి కారణం లేదు. అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు కూడా.

జట్టు చరిత్ర గొప్పదేం కాదు. 2011లో సూపర్ రగ్బీలో చేరింది. మొదటి మ్యాచ్‌లోనే సిడ్నీ జట్టు వారటాస్ చేతిలో 43-0 తేడాతో చిత్తు. తర్వాత ఓడటం అలవాటైపోయింది. 2017లో ఆస్ట్రేలియా నించి ఒక జట్టుని తీసేయాల్సి వస్తే పెర్త్ జట్టు వెస్టర్న్ ఫోర్స్‌ని తీసేసి రెబెల్స్‌ని ఉంచారు. ఫోర్స్ ఆటగాళ్ళు చాలామంది, కోచ్ డేవ్ వెసెల్స్‌తో సహా, 2018కి మెల్‌బోర్న్ వచ్చి చేరారు. పెర్త్ వాళ్ళకి ఆండ్రూ ఫారెస్ట్ అనే గనుల కోటీశ్వరుడు అండగా ఉన్నాడు కాబట్టి 2020లో వాళ్ళు తిరిగొచ్చారు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

2024 జనవరి నెలాఖర్లో రెబెల్స్ దివాలా అంచుకి చేరి, అడ్మినిస్ట్రేటర్ల చేతిలోకి వెళ్ళింది. అప్పులు రెండు కోట్ల డాలర్ల పైనే. అందులో పెద్ద వాటా పన్నుల శాఖది. ఆఫీసు సిబ్బందిలో కొందరికి అప్పుడే ఉద్యోగాలు పోయాయి. ఆటగాళ్ళ జీతాలు ఆ ఒక్క సీజన్‌కి రగ్బీ ఆస్ట్రేలియా ఇస్తానంది. ఆ తర్వాత? తెలీదు. విచిత్రం ఏంటంటే రెబెల్స్ ఎన్నడూ లేనంత మంచి జట్టుని కట్టింది ఆ ఏడాదే. బ్రిస్బేన్ నించి టుపో వచ్చాడు. వింగ్‌లో ఫిలిపో డౌగును. వెనక ఆండ్రూ కెల్లవే. ముందు వరసల్లో రాబ్ లియోటా. పదో నంబరులో కార్టర్ గోర్డన్.

గోర్డన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. 2023 ప్రపంచకప్‌కి కోచ్ ఎడ్డీ జోన్స్, క్వేడ్ కూపర్ లాంటి తలపండినవాణ్ణి పక్కనపెట్టి, ఇరవై రెండేళ్ళ ఈ కుర్రాడి భుజాన బాధ్యత పెట్టాడు. పదో నంబరు అంటే మన క్రికెట్‌లో కెప్టెన్, కీపర్ కలిపితే వచ్చే పని. ఆటని నడిపేది వాడే. ఫిజీ చేతిలో 22-15తో ఓడగానే తర్వాతి మ్యాచ్‌కి వాడి చోటు ఇంకొకరికి వెళ్ళింది. ఆ మ్యాచ్‌లో వేల్స్ చేతిలో 40-6. వాలబీస్ చరిత్రలో మొదటిసారి గ్రూపు దశలోనే ఇంటికి. సీనియర్లని పంపించేసి జూనియర్‌కి ప్రొడక్షన్ అప్పజెప్పి, అది పడిపోతే వాణ్ణే తప్పుపట్టే ప్రాజెక్టులు చూసినవాళ్ళకి ఈ కథ కొత్తగా అనిపించదు. ఆ గోర్డనే 2024లో మా పదో నంబరు.

ఫిబ్రవరి 23న మొదటి మ్యాచ్, మా మైదానంలోనే. కాన్‌బెరా జట్టు బ్రంబీస్ 30-3తో ఉతికేశారు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నా. వారం తిరిగేసరికి అదే మైదానంలో ఫోర్స్ మీద 48-34. అక్కణ్ణించి ఒకటి గెలవడం, ఒకటి పోగొట్టుకోవడం, మళ్ళీ గెలవడం. వారటాస్‌ని కూడా ఓడించారు. పాయింట్ల పట్టికలో మొదటి ఎనిమిది జట్లకి ఫైనల్స్ ఛాన్సు. రెబెల్స్ ఆ ఎనిమిదిలో వేలాడుతూ ఉంది. పదమూడేళ్ళలో సూపర్ రగ్బీ అసలు టోర్నీలో ఎప్పుడూ అంత దూరం రాలేదు.

సరిగ్గా ఆ నెలల్లోనే నా ఉద్యోగం సంగతీ అలాగే ఉంది. మా టీమ్‌ని తీసేస్తున్నారని పుకారు. నా కాంట్రాక్టు జూన్ 30కి అయిపోతుంది, వీసా ఏమో తాత్కాలికం. మేనేజర్ని అడిగితే "ఇంకా ఏదీ తేలలేదు, నువ్వైతే నీ పని చేస్తూ ఉండు" అనేవాడు. చేసేవాణ్ణి. సాయంత్రం స్టేడియంకి వెళ్తే అక్కడ కూడా జీతం ఎప్పటిదాకా వస్తుందో తెలీని పదిహేను మంది, తలలు దూర్చి నెట్టుతున్నారు. అమ్మ ఫోన్ చేసి "ఏరా, అంతా బానే ఉందా?" అంటే "మా జట్టు ఏడో స్థానంలో ఉందమ్మా" అనేవాణ్ణి. "సరే నాన్నా, వేళకి తిను" అనేది పాపం.

ఇంతలో ఓ ఆశ. లీ క్లిఫర్డ్ అనే పెద్ద వ్యాపారవేత్త నాయకత్వంలో కొందరు ముందుకొచ్చి మూడు కోట్ల డాలర్ల దాకా పెడతాం, జట్టుని మాకివ్వండి అన్నారు. వాళ్ళ ప్రణాళిక చూసి నేను కుర్చీలోంచి లేచా. జట్టుని టార్నీట్‌కి తీసుకొస్తారట! అక్కడి వెస్టర్న్ యునైటెడ్ సాకర్ క్లబ్బుతో కలిసి ఆడిస్తారట. టార్నీట్ అంటే మేముండే చోటు. మెల్‌బోర్న్‌కి పడమర, మొన్నమొన్నటిదాకా పొలాలు. ఇప్పుడు వీధి చివర ఇడ్లీ పిండి, గోంగూర కట్టలు దొరుకుతాయి, పార్కుకెళ్తే పంజాబీ, తెలుగు తప్ప వేరే భాష అరుదు. సిటీకి రైలెక్కితే సంక్రాంతి రద్దీలో పల్లెవెలుగు ఎక్కినట్టుంటుంది. అలాంటి చోటికి సూపర్ రగ్బీ! రూమ్మేటు కూడా కాసేపు ఆలోచించి "గట్లయితే నేను గూడ వస్త తియ్యి, నడిచి పోవచ్చు గదా" అన్నాడు. వాడి నించి అదే పెద్ద సర్టిఫికెట్టు.

మే 30న రగ్బీ ఆస్ట్రేలియా ఆ ప్రతిపాదన కుదరదని చెప్పేసింది. ఆ డబ్బు మీద తమకి నమ్మకం కుదరలేదంది. సీజన్ అవగానే జట్టు మూసివేత. నా అభిప్రాయం అడిగితే, లెక్కల్లో వాళ్ళ భయం అర్థం చేసుకోదగ్గదే. పన్నులే కట్టని క్లబ్బుని ఎవరైనా ఎంతకాలం మోస్తారు? కానీ యాభై లక్షల మంది ఉన్న ఊళ్ళో జాతీయ స్థాయి ఆటకి ఒక్క జట్టు లేకుండా చెయ్యడం చేతగానితనమే. దీని మీద కోర్టులు కూడా ఎక్కారు, ఆ గొడవ నాకు పట్టదు. నాకు పట్టింది వేరే. ఆ కబురు విన్న రెండ్రోజులకే వాళ్ళు ఫిజీ వెళ్ళి డ్రువా జట్టుతో ఆడాలి. ఆడి ఓడారు. అయినా ఎనిమిదో స్థానం నిలిచింది. జూన్ 8న వెల్లింగ్టన్‌లో, మొదటి స్థానంలో ఉన్న హరికేన్స్‌తో క్వార్టర్ ఫైనల్. 47-20. సూపర్ రగ్బీ అసలు టోర్నీలో రెబెల్స్ మొట్టమొదటి ఫైనల్స్ మ్యాచ్, ఆఖరి మ్యాచ్ అదే. విజిల్ ఊదాక కూడా టీవీ ఆపలేదు నేను. వంటింట్లోంచి రూమ్మేటు పప్పుచారు గిన్నె తెచ్చి మాట్లాడకుండా బల్ల మీద పెట్టాడు.

మన హైదరాబాద్‌కీ ఇలాంటిది జరిగింది. డెక్కన్ చార్జర్స్ 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఐపీఎల్ గెలిచింది, 2012లో రద్దయింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. కానీ మరుసటి ఏడాదే సన్‌రైజర్స్ వచ్చేసింది, రంగు మార్చుకుని మళ్ళీ అరిచాం. బాధపడే టైమే ఇవ్వలేదు. మెల్‌బోర్న్‌కి అలా ఎవరూ రాలేదు. ఇక్కడ ఫారెస్ట్ లాంటివాడు లేడు.

నెల దాటాక, జూలై 13న, అదే ఆమీ పార్క్‌లో వాలబీస్, వేల్స్ మ్యాచ్. 36-28తో గెలిచాం. డౌగును రెండు ట్రైలు కొట్టాడు. మొన్నటిదాకా రెబెల్స్ చొక్కాలో పరిగెత్తిన అదే గడ్డి మీద, అదే మనిషి. అరిచి గొంతు పోయింది. అప్పటికి నాకు ఉద్యోగం లేదు, ఆ టికెట్ డబ్బు ఎందుకు పెట్టానో అమ్మకి మాత్రం చెప్పలేదు. (ఏడు వారాల తర్వాత ఉద్యోగం దొరికింది, మళ్ళీ డాక్‌లాండ్స్‌లోనే. 70 నంబరు ట్రామ్ మాత్రం ఇప్పుడు అంతగా పనికిరావట్లేదు.)

2025 సీజన్ మొదలయ్యేసరికి ఓ ఎక్సెల్ షీట్ తయారు చేశా. ఎడమవైపు రెబెల్స్ ఆటగాళ్ళ పేర్లు, కుడివైపు ఇప్పుడెక్కడున్నారో. టుపో, కెల్లవే, లియోటా, డార్బీ లాంకాస్టర్: వారటాస్. మేం ఓడించిన వారటాస్, ఆ ఏడాది పట్టికలో అట్టడుగున ఉన్న వారటాస్. డౌగును, లుకాన్ సలకాయా-లోటో: రెడ్స్. డేవిడ్ ఫెలియువాయ్: బ్రంబీస్. జాష్ కెమెనీ: ఇంగ్లాండ్‌లో నార్తాంప్టన్. గోర్డన్ ఏకంగా ఆటే మార్చి రగ్బీ లీగ్‌కి, గోల్డ్ కోస్ట్ టైటన్స్‌కి వెళ్ళిపోయాడు. ప్రతి శుక్ర, శనివారాలు నాలుగు జట్లకీ అభిమానిని నేను. వారటాస్, రెడ్స్ ఆడుకుంటే ఎవరు గెలవాలో తెలీదు. స్క్రమ్‌లో టుపో నెట్టాలి, ట్రై డౌగును కొట్టాలి. ఇలా చూడటం సుఖమే. ఓటమి అనేదే ఉండదు. గెలుపూ ఉండదు, అదే చిక్కు. వారటాస్ ఎనిమిదో స్థానంలో ఆగిపోతే, ఆ ఏడాది ఫైనల్స్ ఆరు జట్లకే కాబట్టి బయటే ఉండిపోతే, నాకు నిద్ర ఏం చెడలేదు. సిడ్నీ వాళ్ళ బాధ సిడ్నీ వాళ్ళది.

జూలై 26న ఎంసీజీలో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌తో రెండో టెస్టు. పన్నెండేళ్ళకోసారి వచ్చే జట్టు. రూమ్మేటుని లాక్కెళ్ళా. 90,307 మంది! రగ్బీకి మెల్‌బోర్న్‌లో జనం లేరన్నవాళ్ళు ఆ రోజు ఎక్కడున్నారో. (సగం మంది ఎర్రచొక్కాల విదేశీయులనుకోండి.) ఆరో నంబరులో రాబ్ వాలెటీని. మెల్‌బోర్న్‌లోనే పుట్టినవాడు, మా పక్కనున్న ట్రుగనీనాలో స్కూలుకెళ్ళినవాడు. 2023, 2024 వరసగా రెండేళ్ళు ఆస్ట్రేలియా ఉత్తమ ఆటగాడు. అలాంటివాడు సూపర్ రగ్బీ ఆడాలంటే కాన్‌బెరా పోవాల్సొచ్చింది. వాడు బంతి పట్టుకుని దూరిన ప్రతిసారీ లయన్స్ గోడ వెనక్కి జరిగేది. అరగంటకి 23-5తో మనదే పైచేయి. గాయం నించి తిరిగొచ్చిన మనిషి కదా, సగం ఆట తర్వాత దింపేశారు. లయన్స్ ఒక్కొక్కటే కొట్టుకుంటూ వచ్చి, ఆఖరి నిమిషంలో హ్యూగో కీనన్ ట్రైతో 29-26. దానికి ముందు మోర్గాన్ మన టిజానో మీద పడ్డది తప్పా కాదా అని రిఫరీ తెర మీద చూస్తూ నిలబడ్డంతసేపూ రూమ్మేటు నా చెయ్యి పట్టుకుని నలిపేశాడు. ఒప్పేనన్నారు. "దొంగ నా కొడుకులు," అన్నాడు వాడు, రగ్బీ ఆటే కాదన్నవాడు.

షీట్ ఇంకా ఉంది. టుపో ఫ్రాన్స్‌లో రాసింగ్ 92కి వెళ్ళాడు. గోర్డన్ వెన్ను గాయంతో లీగ్‌లో పెద్దగా ఆడకుండానే యూనియన్‌కి తిరిగొచ్చి, రెడ్స్‌తో ఒప్పందం కుదుర్చుకుని, 2025 నవంబరులో ఇటలీ మీద మళ్ళీ వాలబీస్ పదో నంబరు వేసుకున్నాడు. ఓడారు, ఐనా ఆ గడికి ఆకుపచ్చ రంగు వేశా. రెబెల్స్‌ని రప్పిస్తామన్న టార్నీట్‌లోని ఆ సాకర్ క్లబ్బు కూడా డబ్బుల్లేక 2025-26 సీజన్ ఆడలేదు.

2027లో ప్రపంచకప్ ఆస్ట్రేలియాలోనే. మెల్‌బోర్న్ మ్యాచులు మా ఆఫీసు కిటికీలోంచి కనిపించే డాక్‌లాండ్స్ స్టేడియంలో. రెండు టికెట్లు చూడమని రూమ్మేటు ఇప్పట్నించే సతాయిస్తున్నాడు.