జడ సంగతి ఏం తేల్చారు వదినగారూ?

వదినగారూ, ఒక్క నిమిషం ఇలా గోడ దగ్గరికి రండి. పెళ్ళిచీర చూశాను, నగలు చూశాను. జడ సంగతి ఏం తేల్చారు? నిన్న మీ అమ్మాయి ఫోనులో బొమ్మలు చూపించింది. అన్నీ ముందు ఎత్తుగా పఫ్ పెట్టి, వెనక కొప్పు చుట్టి, చెంపల మీదికి రెండు పాయలు వదిలినవే. బాగున్నాయి, కాదనను. రిసెప్షన్‌కి చక్కగా వేయించండి. ముహూర్తానికి మాత్రం వద్దని చెబుదామనే పిలిచాను.

మన పెళ్ళిలో ముఖ్యమైనదంతా జరిగేది తలమీదే కదండీ. ముహూర్తం వేళకి అడ్డుతెర పట్టుకుంటారు. తమలపాకులో జీలకర్ర బెల్లం పెట్టి పిల్లాడు పిల్ల నడినెత్తిన ఉంచుతాడు, పిల్ల పిల్లాడి నెత్తిన ఉంచుతుంది. అసలు సుముహూర్తం అదే. ఆ చోట అరచెయ్యి కుదురుగా ఆనాలి. అక్కడే జుట్టంతా చిక్కులు చేసి బుట్టలా లేపి, పైన స్ప్రే కొట్టి బిగించేస్తే ఆకు నిలిచేదెక్కడ? జారి భుజం మీద పడుతుంది, పట్టుచీరకి బెల్లం అంటుకుంటుంది. అందుకని మాడు చదునుగా ఉండాలి, అక్కడ ఒక్క పిన్ను కూడా ఉండకూడదు. ఈ మాట బ్యూటీషియన్‌కి ముందే చెప్పండి. ముహూర్తం ఎన్నింటికో, దేని తరవాత ఏ తంతు ఉందో కాగితం మీద రాసిచ్చినా మంచిదే. జుట్టు పని ఆవిడకి బాగా తెలుసు, మన ఇంటి పద్ధతి మనం చెబితేనే తెలుస్తుంది.

పాయలు వదలడం కూడా తలంబ్రాల ముందు వద్దండి. ఆ పసుపు బియ్యం వదిలిన జుట్టులోకి దిగితే మర్నాటికి కూడా రాలవు. పైగా నుదుటికి బాసికం కట్టి ఉంటుందాయె. చెంపల మీది జుట్టు ఆ దారంలో చిక్కుకుని పిల్లకి ఊరికే చిరాకు.

కొప్పులో ఒక సుఖం ఉందని ఒప్పుకుంటాను. మెడ ఖాళీగా ఉంటుంది, మూడు ముళ్ళు వేసేటప్పుడు పిల్లాడికి ఏదీ అడ్డం రాదు. జడ అయితే ఆడపడుచు వచ్చి పైకెత్తి పట్టుకోవాలి. అయినా నాకు ఆ ఎత్తిపట్టుకోవడమే ఇష్టం వదినగారూ. కొత్తగా వచ్చిన వదినని ఆడపడుచు మొదటిసారి ఆప్యాయంగా ముట్టుకునేది అప్పుడే. ఆ కాస్త పని ఆ పిల్లకి ఉండనివ్వండి.

అందుకే నా ఓటు పూలజడకే. కాకపోతే అట్టమీద కుట్టినది తేకండి. ఇప్పుడందరూ అట్టకి పూలు కుట్టి తెచ్చి జడకి కట్టేస్తున్నారు. ఫొటోలో చక్కగా నిలుస్తుంది గానీ వంగదు. ముళ్ళ వేళ ఎత్తబోతే మొత్తంగా లేస్తుంది, పిల్ల మెడ వెనక్కి లాగుతుంది. గుడ్డమీద కుట్టమనండి, లేదంటే మన చిన్నప్పటిలా జడమీదే సూదీదారంతో కుట్టించండి. గుర్తుందా, ఎండాకాలం సెలవుల్లో మనకి మల్లెమొగ్గల జడ కుట్టి, స్టూడియోకి తీసుకెళ్ళి, వెనక నిలువుటద్దం పెట్టి ఫొటో తీయించేవారు? ముఖమూ జడా రెండూ పడాలని ఆ ఏర్పాటు. ఎవరింట్లో చూసినా అలాంటి ఫొటో ఒకటి ఉంటుంది.

మీ అమ్మాయికి జడంటే పాతకాలం అనిపిస్తోందంటారా? ఒకసారి కూచిపూడి వాళ్ళ భామాకలాపం చూపించండి. సత్యభామ ముఖం చూపించకముందే తెర మీదినుంచి జడ వేస్తుంది. తనని మించిన విద్వత్తు ఉన్నవాళ్ళెవరైనా సభలో ఉంటే ముందుకు రావాలని సవాలు అది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు మగవారై ఉండి కూడా ఆ జడతో సత్యభామగా నిలిచిపోయారు. 1970లో పద్మశ్రీ ఇచ్చారాయనకి. అంత ధీమా ఉన్న వస్తువు వదినగారూ మన జడ. మీ పిల్లకి అది నప్పుతుంది, పిల్ల నడకలోనే ఆ ధీమా ఉంది.

జుట్టు భుజాల దాకానే ఉందని దిగులు పడకండి. సవరం పెట్టొచ్చు. కాకపోతే బరువు చూసుకోండి. సవరం, పైన పూలు, నాగరం, జడబిళ్ళలు, చివర కుప్పెలు, ఇవన్నీ కలిసి మెడ దగ్గర నాలుగు పిన్నులకి వేలాడితే రాత్రి ముహూర్తం అయ్యేసరికి పిల్లకి తలనొప్పి పట్టుకుంటుంది. పీటలమీద నవ్వడం కూడా కష్టమే. పైనుంచి కిందిదాకా జానెడుకొక చోట జడకి ముడి వేయించండి. బంగారు జడబిళ్ళలు మీ అత్తగారివి ఉన్నాయి కదా, అవి పెడితే పూలు తగ్గించండి. పూలే కావాలంటే బిళ్ళలు మానేయండి. ముందుగా ఒకరోజు ఇంట్లో అంతా పెట్టి, గంటసేపు కూర్చోబెట్టి చూడండి.

ఇంకో సంగతి. పిల్ల ఎప్పుడూ పక్కపాపిడి తీస్తుంది. పాపిడిబిళ్ళ పెట్టాలన్నా, సూర్యచంద్రులు పెట్టాలన్నా నడిపాపిడి కావాలి. జుట్టు అలవాటుపడ్డ వైపుకే పడుతుంది, అప్పటికప్పుడు మాట వినదు. ఈ రోజునుంచే మధ్యకి దువ్వుకోమనండి.

నూనె దగ్గర మీ అత్తగారికీ బ్యూటీషియన్‌కీ మాటామాటా రాకుండా చూడండి. మంగళస్నానానికి మాడున నూనె పెట్టాలని ఆవిడ, జుట్టుకి నూనె తగిలితే పని సాగదని ఈవిడ. ఇద్దరూ చెప్పేది నిజమే. తలంటు ముందురోజే కుంకుడురసంతో పూర్తిగా పోసేయండి. అప్పుడే పోసుకున్న జుట్టు జారిపోతుంది, పిన్ను నిలవదు, ఒకరోజు గడిస్తే పట్టు వస్తుంది. పెళ్ళినాడు మాడున శాస్త్రానికి ఒక్క చుక్క అంటించి, ఒంటికి నలుగు పెట్టండి. పెద్దావిడ మనసూ నిండుతుంది.

పూల సంగతి నాకు వదిలేయండి. వైశాఖం, మల్లెలకి కొదవేముంది! కడియపులంక మార్కెట్టుకి మా ఆయన్ని పొద్దున్నే పంపిస్తాను. బిగువుగా ఉన్న మొగ్గలే తెచ్చి, తడిగుడ్డలో చుట్టి, మధ్యాహ్నం కుట్టుకుంటే సాయంత్రం దాటాక విచ్చుకుంటాయి, ముహూర్తానికి పందిరంతా వాసన. మర్నాటికి మాత్రం అవి కమిలిపోతాయి. రిసెప్షన్‌కి కనకాంబరాలూ మరువం పెట్టుకుందాం, వాసన మరువానిది, తాజాదనం కనకాంబరాలది. అక్కడ కుర్చీకి వీపుంటుంది కాబట్టి పొడుగు జడ ఎలాగూ నలిగిపోతుంది. పిల్ల ముచ్చటపడ్డ కొప్పు అప్పుడు వేయించండి, పఫ్ ఎంత కావాలంటే అంత.

ఆఁ, ఇది మరిచిపోకండి. జడ వేసేవాళ్ళ గురించే అందరూ ఆలోచిస్తారు, విప్పేవాళ్ళ గురించి ఎవరూ ఆలోచించరు. అప్పగింతలయ్యాక పిల్ల కొత్తింట్లో, నిద్రకళ్ళతో, తలనిండా పిన్నులతో కూర్చుని ఎవర్ని అడుగుతుంది చెప్పండి? తోడిపెళ్ళికూతురుగా మీ చెల్లెలి కూతురే కదా వెళ్ళేది. ఆ పిల్లని రేపు సాయంత్రం నా దగ్గరికి పంపండి. ముందు దారాలు కత్తిరించాలి, తరవాత పిన్నులు లెక్కపెట్టి తీయాలి. బెల్లం ఎండినచోట దువ్వెన పెట్టకుండా గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టాలి, తడి ఆరాక నూనె రాయాలి. ఒకసారి నా తలమీదే చేయించి చూపిస్తాను, దానికి చెయ్యి తిరుగుతుంది.