మేక వెనక ఖాళీ

మా వాడు ఉద్యోగం మానేసి, పులి-మేక ఆటని ఫోన్‌లోకి తెస్తున్నాడు. ప్లేస్టోర్‌లో కనబడే ఐకాన్‌లో మూడు పులులు, పదిహేను మేకలు, మన ముక్త్యాల కోట, కృష్ణమ్మ... అన్నీ కూరేశాడు. కంప్యూటర్‌లో 512 పిక్సెళ్ల బొమ్మగా ముచ్చటగానే ఉంది. నా ఫోన్‌లో వేలిగోరంత అయ్యేసరికి మరకలా ఉంది.

"చుట్టాలొచ్చారని వండినవన్నీ ఒకేసారి విస్తట్లో కుమ్మరిస్తామా నాన్నా?" అన్నాను. అలిగాడు.

రెండ్రోజులకి కొత్త బొమ్మ చూపించాడు. ఒక పులి, పక్కనే ఒక మేక, మేక వెనక ఖాళీ. అంతే.

వాడు ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచీ వాడితో ముభావంగా ఉంటున్న మా అత్తయ్య తొంగిచూశారు.

"ఒరే, వెనక ఖాళీ వదిలేశావేంట్రా? పులి దూకితే మేక పోదూ!" అంటూ ఆ ఖాళీ మీద వేలు పెట్టేశారు.

వాడు నావైపు చూసి నవ్వాడు. ఇంక మార్చమనలేదు నేను.