అమ్మని అల్లిక

పిన్నిగారి నోటుపుస్తకాన్ని బయటినుంచి చూస్తే పాల లెక్కల పుస్తకం అనుకుంటాం. అట్టకి పాత క్యాలెండరు కాగితం వేసి, ఊలు పోగుతో కట్టి ఉంటుంది. లోపల లీటర్లు ఉండవు. ‘హెడ్ బాబు – మఫ్లరు – ముదురు నీలం – 31.’ ‘నైట్ డ్యూటీ కుర్రాడు – తల 57 – చెవులు మూయాలి.’ ‘మూడో లైను కోడలు – ఛట్ఠీకి సెట్టు – పసుపు వద్దు, అత్తకి పడదు.’ మనిషికో వరుస. ఇచ్చేశాక పేరు మీద అడ్డగీత. నాలుగైదు పేర్ల మీద మాత్రం నిలువుగీత ఉంది. అదేమిటని అడిగాను.

‘‘వాళ్ళకి ఇంక ఇవ్వను’’ అన్నారు, సూదుల మీంచి కళ్ళు ఎత్తకుండా.

నా స్నేహితురాలు రాయపూర్‌లో రైల్వే ఆఫీసులో గుమాస్తా. పిన్నిగారు ఆమె అత్తగారు. ఆఫీసులో ఎవరు రిటైరైనా, ఎవరికి పాప పుట్టినా ఈవిడ చేతి అల్లిక వెళ్తుందనీ, ఏళ్ళ తరబడి ఇలాగే నడుస్తోందనీ విని, డిసెంబరు ఆఖరి వారంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పార్వతీపురం దాటాక కొండలు, సొరంగాలు, రాయగడ, టిట్లాగఢ్, కాంటాబాంజీ, మహాసముంద్. పార్వతీపురం నుంచి ఈ కొండల్లో పడి బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన లైను 1931లో పూర్తయింది. రాయపూర్‌లో ఇంతమంది తెలుగువాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారంటే చాలామట్టుకు ఆ పట్టాల మీదనుంచే. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ, అంటే వ్యాగన్ల మరమ్మతు షాపు కాలనీ, దసరాకి ఎత్తయిన రావణుణ్ణి కాల్చే మైదానం ఉన్నది, ఆ వైపు సాయంత్రం నడిస్తే ఒక వాకిట్లో హిందీ, పక్క వాకిట్లో ఒడియా, ఆ పక్కన శ్రీకాకుళం యాస వినిపిస్తాయి.

పిన్నిగారు మాత్రం గోదావరి మనిషి. నర్సాపురం దగ్గర పల్లె. ‘‘ఈ కాలనీలో నా తెలుగు అర్థమయ్యేది నాకొక్కదానికే’’ అని ఆవిడ ఫిర్యాదు.

మధ్యాహ్నం వంటిళ్ళు కడుక్కోవడం అయ్యాక, ఎండ పడే పెరట్లో చాప వేస్తారు. నేను వెళ్ళిన రోజు ఆరుగురున్నారు. ఇద్దరు శ్రీకాకుళం వాళ్ళు, ఒక బెంగాలీ ఆవిడ, ఒక ఛత్తీస్‌గఢీ కోడలు, పిన్నిగారు, నేను. అల్లిక భాష అంతా హిందీలోనే. సూది అంటే సలాయీ. కుట్టు అంటే ఫందా. ‘దో సీధే, దో ఉల్టే’ అని బెంగాలీ ఆవిడ జపంలా గొణుక్కుంటూ టోపీ అంచు అల్లుతున్నారు. రెండు సీధా, రెండు ఉల్టా వేసుకుంటూ పోతే గీతలు గీతలుగా వచ్చి, లాగితే సాగి వదిలితే దగ్గరపడే అంచు వస్తుంది. టోపీ తలని పట్టుకుని ఉండేది ఆ అంచు వల్లే.

నాకూ పదో నంబరు సూదులు రెండు ఇచ్చారు. ఈ సూదుల లెక్క తిరకాసుది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఎనిమిది అంటే నాలుగు మిల్లీమీటర్లు, పది అంటే మూడుంబావు. ఇరవై ఫందాలు ఎక్కించి మూడు వరసలు అల్లాను. లెక్కపెడితే ఇరవైమూడున్నాయి.

‘‘ఏటమ్మా, చదువుకున్నదానివి, ఇరవై లెక్కెట్టడం రాదేటి?’’ అన్నారు శ్రీకాకుళం వదిన. అందరూ నవ్వారు. సూది కిందపెట్టి నవ్వులో కలిశాను. అదే నేను చేసిన పొరపాటు. సూది జారి, ఫందాలు ఒకదాని వెనక ఒకటి నిచ్చెన మెట్లలా ఊడిపోయాయి.

పిన్నిగారు ఆ ఊలు లాక్కుని ఉండచుట్టి, నా చేతిలో క్రోషియా పెట్టారు. కొక్కెం ఉన్న ఒకే ఒక్క సూది. ‘‘నీలాంటివాళ్ళకి ఇది’’ అన్నారు. తేడా అప్పుడు అర్థమైంది. రెండు సూదుల అల్లికలో వరసలో ఉన్న ఫందాలన్నీ ఒకేసారి ప్రాణంతో ఉంటాయి, సూది తీస్తే అన్నీ గాలిలోనే. క్రోషియాలో ఎప్పుడు చూసినా తెరిచి ఉండేది ఒక్క ఫందా. దాన్ని కాస్త సాగదీసి వదిలేసి, పాలు పొంగుతుంటే పరుగెత్తొచ్చు, రైలు దిగొచ్చు, రేపు మళ్ళీ మొదలుపెట్టొచ్చు. తప్పు జరిగితే దారం లాగితే చాలు, తప్పు దాకా ఊడి వస్తుంది. పిల్లల తల్లులకి క్రోషియా ఎక్కువ అబ్బడంలో వింతేమీ లేదు.

ఇంకో తేడా ఉంది. రెండు సూదుల అల్లికకి యంత్రం ఎప్పుడో వచ్చేసింది. ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే మగ్గం చేసింది 1589లో. చలికాలం టిబెటన్లు రాయపూర్‌లో పెట్టే దుకాణాల్లో గుట్టలుగా పోసే స్వెటర్లు ఆ మగ్గానికి దూరపు వారసులే. ఈ వ్యాపారానికి సరుకు ఎక్కువగా లూధియానా నుంచి వస్తుంది. క్రోషియా అలా కాదు. చేతి అల్లికలా కనిపించే బట్ట యంత్రం నేయగలదు, అసలైన క్రోషియా ఫందాని ఇప్పటికీ మనిషి చెయ్యే వేయాలి. ఏ పెద్ద షాపులో ఏ క్రోషియా టోపీ వేలాడుతున్నా దాని వెనక ఎక్కడో ఒక ఆడమనిషి మెడనొప్పి ఉందన్నమాట. పిన్నిగారి కథ ఇక్కడికే వస్తుంది, కాస్త ఆగండి.

మర్నాడు ఊలు కొనడానికి గోల్ బజారు వెళ్ళాం. పాత ఊరి బజారు. సందు లోపల సందు. ఊలు అనే మాటకి ఇక్కడ గొర్రెతో పెద్ద చుట్టరికం లేదు. దొరికేది ఎక్కువగా యాక్రిలిక్. పిన్నిగారికి అదే ఇష్టం. అసలు ఉన్ని పసిపిల్లల ఒంటికి గుచ్చుకుంటుంది, పురుగు పడుతుంది, వేడినీళ్ళలో ఉతికితే ముడుచుకుంటుంది. ‘‘బహుమతి ఇచ్చి, దాంతో పాటు చాకిరీ కూడా ఇస్తామా’’ అని ఆవిడ వాదన. లచ్ఛీలు, అంటే ఊలు చుట్టలు, వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశారు, చీటీ మీద లాట్ నంబరు చూశారు, అన్నీ ఒకే నంబరువి ఏరి పక్కన పెట్టారు. రంగు ఒకటే అయినా అద్దకం వేరైతే ఛాయ మారుతుంది. వీపు సగంలో ఆ మార్పు చారలా కనపడుతుంది. పెద్దవాళ్ళ స్వెటరుకి అర కిలో దాకా పడుతుంది, మఫ్లరుకి రెండు వందల గ్రాములు, చంటిపిల్లల సెట్టుకి అంతకన్నా తక్కువ.

రాయపూర్‌లో చలి ఉండేది ఎన్ని రోజులని? డిసెంబరు, జనవరి, అంతే. మే నెలలో ఇక్కడి ఎండ గురించి చెప్పుకోకపోవడం మంచిది. మరి ఈ ఊలంతా ఎవరికి? ఈ అనుమానం నాకూ వచ్చింది. కాలనీలో ఓ రాత్రి పదకొండింటికి డ్యూటీకి బయల్దేరుతున్న కుర్రాణ్ణి చూశాను. బైకు మీద, చెవుల మీదకి లాక్కున్న టోపీ. పట్టాల పక్కన రాత్రంతా నిలబడేవాళ్ళకి, ఇంజను కిటికీలోంచి గాలి కొట్టేవాళ్ళకి చలి లెక్క వేరు.

నా స్నేహితురాలు ఆఫీసులో ఒక నియమం పెట్టుకుంది. ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే గొడవ. అందరికీ ఇవ్వాలంటే అత్తగారి వేళ్ళు అరిగిపోతాయి. అందుకని మూడే సందర్భాలు: రిటైర్మెంటు, పురుడు, రాత్రి డ్యూటీ. పెళ్ళిళ్ళకి లేదు, ప్రమోషన్లకి అసలే లేదు. ఛత్తీస్‌గఢ్‌లో పిల్లలు పుడితే ఛట్ఠీ పెద్ద సందడి, బంధువులు, భోజనాలు. దానికి టోపీ, మోజాలు, చిన్న స్వెటరు. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు ముప్ఫైఅయిదు సెంటీమీటర్లు. టోపీ అంతకంటే కాస్త తక్కువ అల్లాలి, సాగుతుంది కనక. ‘‘కానీ ఎప్పుడూ మూడు నెలల బిడ్డకి సరిపోయేది అల్లుతాను. పుట్టినప్పటిది ఇస్తే రెండు వారాల్లో పెట్టెలోకి పోతుంది’’ అంటారు పిన్నిగారు.

రిటైర్మెంటు సంగతి ఇంకా సుళువు. సర్కారీ నౌకరు రిటైరయ్యే రోజు ఉద్యోగంలో చేరిన నాడే తెలిసిపోతుంది, ఏ నెలయినా ఆఖరి తేదీనే. పిన్నిగారి పుస్తకంలో నాలుగేళ్ళ తర్వాతి మఫ్లర్లు కూడా రాసి ఉన్నాయి, రంగులతో సహా.

31న హెడ్ బాబు వీడ్కోలుకి నేనూ వెళ్ళాను. బంతిపూల దండలు, సమోసాలు, ఉపన్యాసాలు. ఇక్కడ గౌరవం అంటే శాల్-శ్రీఫల్: శాలువా కప్పి కొబ్బరికాయ చేతిలో పెట్టడం. ఆయన ఒడిలో శాలువాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి. ఈ శాలువాల్లో సగం మళ్ళీ ఇంకెవరి భుజాల మీదకో చేరతాయి. మన వైపు సన్మానాల్లోనూ అంతేగా, శాలువా కూడా చేతులు మారే నోటులాంటిదే. నా స్నేహితురాలు వెళ్ళి నీలం మఫ్లరు మెడకి చుట్టింది. ఆయన కొస పట్టుకుని చూశారు. అక్కడ చిన్నగా తెల్ల ఊలుతో ఆయన పేరు మొదటి అక్షరం. ఇది ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. మధ్యాహ్నం ఒంటిగంట, గది నిండా జనం, ఆయన నుదుట చెమట. మఫ్లరు మాత్రం తీయలేదు.

బయటికొచ్చాక ఎవరో ఆడ ఆఫీసరు మమ్మల్ని ఆపి, తనకి అలాంటివి పది కావాలనీ, ఎంతైనా ఇస్తాననీ అన్నారు. నా స్నేహితురాలు నవ్వి దాటేసింది. ఇంట్లో ఆ మాట చెప్తే పిన్నిగారు పుస్తకం తెరవను కూడా తెరవలేదు.

ఎందుకమ్మరని ఆ రాత్రి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళమ్మ సంగతి చెప్పారు.

గోదావరి డెల్టాలో లేసు అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో వేలమంది ఆడవాళ్ళు తెల్ల నూలు దారంతో పువ్వులు అల్లేవారు, ఇప్పటికీ అల్లుతున్నారు. పని ముక్కలు ముక్కలుగా పంచి ఉంటుంది. పువ్వులు అల్లేది చేతిపని. ఆ పువ్వుల్ని కలిపి టేబులు గుడ్డ చేసేది అతుకుపని, అది ఇంకొకరు. దారం ఇచ్చేది, అల్లిక పట్టుకెళ్ళేది ఏజెంటు. వాళ్ళమ్మ పువ్వులు అల్లేది. ఆ పువ్వులు చివరికి ఏమయ్యేవో, ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచేవారో ఎప్పుడూ చూడలేదు. ‘‘మా అమ్మ జన్మలో ఒక్క గుడ్డ పూర్తిగా చూడలేదు. అన్నీ పువ్వులే’’ అన్నారు పిన్నిగారు.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ ఆడవాళ్ళ గురించే ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అని పుస్తకం రాశారు, 1982లో వచ్చింది. అందులో ఆమె పట్టుకున్న కీలకం ఒకటుంది. రోజుకి ఆరేడు గంటలు అల్లి, ఆ అల్లిక సముద్రాలు దాటి ఎగుమతయ్యి, దాని మీద వ్యాపారులు లక్షలు చేసుకున్నా, ఈ ఆడవాళ్ళని ఎవరూ పనివాళ్ళని అనలేదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకునే గృహిణులన్నారు. తీరిక అన్నాక కూలి ఎంత తక్కువిచ్చినా అడిగేవాడు లేడు. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, పేరైతే నిలబడింది. పువ్వుకి ఎంతిస్తారన్నది వేరే సంగతి.

‘‘నేను ఇక్కడికి కాపురానికి వచ్చినప్పుడు మా అమ్మ సూది ఒకటి తెచ్చుకున్నా. పొద్దుపోక అల్లా. పక్కింటి పాపకి టోపీ అయ్యింది. ఆ పిల్ల అది పెట్టుకుని వీధంతా తిరిగింది. అల్లింది మొత్తం కళ్ళతో చూడటం నాకదే మొదలు’’ అన్నారు.

‘‘మరి ఆ నిలువుగీతలు?’’

‘‘ఒకావిడ నేనిచ్చింది పనమ్మాయికి ఇచ్చేసింది. పోనీలే అనుకున్నా, ఆ పిల్లకి బాగానే ఉంది. పనమ్మాయి పేరు రాసుకుని ఆవిడ పేరు కొట్టేశా. మిగతా వాళ్ళంతా ‘ఎంతయింది’ అని అడిగినవాళ్ళు.’’

ఇది కాస్త అన్యాయమని నాకనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. వాళ్ళు మర్యాదకి అడిగి ఉంటారు. అరకిలో ఊలు ఊరికే రాదు, పెన్షను డబ్బుల్లోంచి వస్తుంది. ఆ మాటే అన్నాను. ‘‘మర్యాదే. ఏజెంటు కూడా మర్యాదగానే అడిగేవాడు’’ అన్నారు, దీపం ఆర్పేస్తూ.

బయల్దేరేటప్పుడు నాకో పొట్లం ఇచ్చారు. నాకు కాదు. విజయనగరం స్టేషన్లో ఒక కుర్రాడు వచ్చి తీసుకుంటాడట. కాలనీలో పెరిగినవాడు, ఇప్పుడు అక్కడ ఉద్యోగం, రాత్రి డ్యూటీలు. ఈ లైను మీద ఇలా పొట్లాలు వెళ్తూనే ఉంటాయని నా స్నేహితురాలు చెప్పింది. తెలిసినవాళ్ళు ఎవరు బండెక్కినా ఓ టోపీ మోయాల్సిందే.

విజయనగరంలో బండి ఆగేసరికి ప్లాట్‌ఫాం మీద మంచి ఎండ. కుర్రాడు బోగీ నంబరు చూసుకుంటూ పరుగున వచ్చాడు. కిటికీలోంచి పొట్లం ఇచ్చాను. అక్కడే విప్పి, టోపీ తలకి పెట్టుకుని, చెవుల మీదకి లాగి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. ముఖం వెలిగిపోయింది. జేబులో చెయ్యి పెట్టి, ‘‘అమ్మ ఎంతిమ్మన్నాదండీ?’’ అన్నాడు.

బండి కదిలింది. చెయ్యి ఊపి ఊరుకున్నాను. ఇంటికి చేరాక పిన్నిగారు ఫోను చేసి, టోపీ సరిపోయిందా, ఏమన్నాడు అని అడిగారు. సరిపోయిందన్నాను. రెండో దానికి జవాబు చెప్పలేదు. చెప్తే నిలువుగీత పడుతుంది.