రేగడి మీద గేటు

నల్లరేగడి నేలలో మట్టం అనే మాటకు వేసవిలో ఉన్న అర్థం వానాకాలంలో ఉండదు. మాంట్‌మోరిలొనైట్ అనే బంకమట్టి ఖనిజం పాలు ఎక్కువ కావడం చేత ఈ నేల తేమ తగిలితే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయి, మే నెల వచ్చేసరికి చేయి దూరేటంత వెడల్పున నెర్రెలు విచ్చుకుంటుంది. పత్తికీ మిరపకూ కావలసిన తేమను పట్టి ఉంచేది కూడా ఈ బంకమన్నే కనుక రైతు దీనిలో తప్పు ఎంచడు. గుంటూరును ఆనుకొని ఉండి 2012లో ఆ నగరపాలక సంస్థలో కలిసిన నల్లపాడు వంటి చోట, చేలు ఇళ్ల స్థలాలైన కొద్దీ, పైరుకు మేలు చేసిన నేలే ప్రహరీకి చేటు చేస్తుంది. ఆ చేటు ఇంటివారికంటే ముందు గేటుకు తెలుస్తుంది.

గోడ బీటలు వారితే సిమెంటు పూసి సున్నం కొట్టి మరిచిపోవచ్చును గాని, గేటు స్తంభం అర అంగుళం ఒరిగినా గడియ దాని రంధ్రంలోకి దిగదు. ఒరిగిన స్తంభం వెంట రెక్క వాలి, దాని కింది కొస సిమెంటు నేల మీద పావు చక్రం గీత గీయడం చాలా ఇళ్లలో కనబడేదే. అయినా ఆ ఇళ్లవారు గేటు పాడైందని అనుకోరు. కొంచెం ఎత్తి తోయాలన్న సంగతి ఇంట్లో పిల్లలకూ పాలవాడికీ కూడా తెలిసి ఉంటుంది. నేల చేసే తప్పును ఆ చేయి ప్రతిరోజూ, లెక్క కట్టకుండానే, దిద్దుతూ వస్తుంది.

మోటారుకు ఆ చేయి లేదు. విద్యుత్తుతో తెరుచుకొనే గేటులో రెక్క ఎక్కడ ఆగాలో చెప్పే లిమిట్ స్విచ్చూ, దారిలో మనిషో బండో అడ్డుంటే పసిగట్టి వెనక్కు మళ్లించే ఏర్పాటూ ఉంటాయి. నేలకు రాసుకొని బిగిసిన రెక్కను కూడా ఆ యంత్రం అడ్డుగానే భావించి, మూయబోయి మళ్లీ తెరుస్తుంది. యజమాని మోటారును నిందిస్తాడు. బిగించినవాడు వచ్చి దాని బలం పెంచి పోతాడు. ఆ పెంపుతో మనిషి అడ్డం వచ్చినప్పుడు ఆగవలసిన గుణం మొద్దుబారుతుంది కనుక అది మరమ్మతు కాదు, ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడం.

నేల కదలికకు వాలు కూడా తోడైతే చిక్కు రెట్టింపవుతుంది. వాననీరు లోపలికి రాకూడదని గ్రావెల్ తోలి స్థలాన్ని రోడ్డుకన్నా ఎత్తు చేస్తారు. కొన్నేళ్లకు పాత రోడ్డు మీదనే కొత్త రోడ్డు పోసి దానిని ఎత్తు చేస్తారు. ఈ పోటీలో వాలు ఎటు ఉంటుందో కూడా స్థిరం కాదు. 8 అడుగులకు 1 అడుగు లేచే ర్యాంపు మీదికి 6 అడుగుల రెక్క లోపలికి తెరుచుకోవాలంటే, దాని కొస చేరే చోట నేల 9 అంగుళాలు లేచి ఉంటుంది. రెక్కను అంత ఎత్తున బిగిస్తే మూసిన గేటు కింద కుక్కలు నిరాటంకంగా రాకపోకలు సాగిస్తాయి. తెరుచుకొనేకొద్దీ రెక్కను పైకి లేపే వాలుబందులు ఉన్నాయి గాని, అవి మోటారు చేత బరువు మోయిస్తాయి కనుక చిన్న రెక్కలకే తగినవి. రెక్కను నడుమ మడిస్తే లోపలికి చొచ్చుకుపోయే దూరం 3 అడుగులకు తగ్గి, కావలసిన ఎత్తు నాలుగున్నర అంగుళాలే అవుతుంది. ఇది చౌక కాదు గాని తెలివైన మార్గం.

పక్కకు జరిగే గేటుకు ఇంటి లోపలి వాలుతో పని లేదు, వీధి వెంబడి ఉన్న వాలుతోనే పని. 400 కిలోల గేటు 40కి 1 వాలు ఉన్న పట్టా మీద నిలిస్తే దానిని సుమారు 10 కిలోల బలం ఎప్పుడూ పల్లానికి లాగుతుంటుంది. కరెంటు పోయినప్పుడు తాళంచెవితో మోటారును విడదీస్తే ఆ గేటు తనంతట తానే దొర్లుతుంది. కాబట్టి పట్టా రెండు కొసలా గట్టి అడ్డుకట్టు లేకుండా దానిని వాడకూడదు. పట్టాయే లేకుండా, వెనుక తోక బరువుతో గాలిలో తేలుతూ జరిగే గేటు ఎగుడుదిగుడు నేలకు అన్నిటికన్నా నప్పుతుంది. అయితే 12 అడుగుల దారికి తోకతో కలిపి 18 అడుగుల గేటు కావాలి. అది పక్కకు ఒదగడానికి మరో 18 అడుగుల గోడ కావాలి. 30 అడుగుల ముఖం ఉన్న స్థలం దానితోనే సరి. నంద్యాల వైపూ పగిడిపల్లి వైపూ రైలు మార్గాలు చీలే నల్లపాడు వంటి ఊళ్లో గేటు పడిందంటే ముందుగా తలపుకు వచ్చేది రైలు గేటు. నేలతో తగవు లేకుండా నిటారుగా పైకి లేచే ఆ కమ్మీ నిజానికి వాలు సమస్యకు అతి సులువైన జవాబే గాని, కుక్కను ఆపలేదు.

ఏ రకం గేటును ఎంచుకొన్నా ఖర్చు ముందు పునాదికి పోవాలి. రేగడిలో తేమ మార్పు పైపొరలకే పరిమితం కనుక దాని కిందికి దిగిన పునాది కదలదన్న సూత్రం మీదనే, అడుగున గడ్డలా ఉబ్బి ఉండే అండర్ రీమ్డ్ పైల్‌ను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశంలో వ్యాప్తికి తెచ్చింది. లోతైన రేగడిలో దీనిని సుమారు 3.5 మీటర్లు దించుతారు. గేటు కోసం అంత లోతా అనిపించవచ్చును గాని, ఆ స్తంభం ఒరిగితే మోటారు విలువ సున్నా. అంత పెట్టలేనివారు కనీసం రెండు స్తంభాలనూ నేల కింద కాంక్రీటు దూలంతో కలిపితే, కదిలినా అవి చాలావరకు కలిసి కదులుతాయి. స్తంభం మొదట్లో కొళాయి నీరూ పూలకుండీల నీరూ నిలవకుండా చూడటం ఖర్చు లేని పని.

మోటారు కొనదలచినవారు నేల నెర్రెలిచ్చిన మే నెలలో ఒకసారి, వానలు తడిపిన అక్టోబరులో ఒకసారి స్తంభాలకు తూకం గుండు వేసి చూసుకోవాలి. ఆ రెండు కొలతలకూ తేడా కనబడితే, ఆ ఏడాది డబ్బు మేస్త్రీకే ఇవ్వాలి.